నడవకూడని నడకదారి

ఒక పెద్ద అడవిలో దారులకు కొదవ లేదు. నీళ్ళకు పోయేవి, మేతకు పోయేవి, అలిగినప్పుడు పుట్టింటి గుంపుకు పోయేవి, అన్నీ ఎటో ఒకవైపు పోయేవే. ఊరికే చూసి రావడానికి పోయే దారి మాత్రం ఒక్కటీ లేదు. ఆ లోటు ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు. అడవి సంఘం అధ్యక్షుడు, ఎలుగుబంటి భల్లూకరావు, పొరుగడవికి పెళ్ళికి వెళ్ళొచ్చాక తెలిసింది.

"వాళ్ళకు అందాల దారులున్నాయయ్యా!" అన్నాడు కార్యదర్శి నక్క జంబుకయ్యతో. "నడిచేవాళ్ళకు ఒకటి, సైకిలు తొక్కేవాళ్ళకు ఒకటి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి నడుస్తున్నారు."

"నడిచి ఎక్కడికి పోతారండీ?"

"ఎక్కడికీ పోరు. బయలుదేరిన చోటికే తిరిగొస్తారు. అదే గొప్ప."

జంబుకయ్య అర్థమైనట్టు తలూపాడు. కార్యదర్శి పదవికి అంతకన్నా అర్హత అక్కర్లేదు.

సైకిలు కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఎవరో మనుషులు వాగులో వదిలేసిన సైకిలొకటి కొండముచ్చు దగ్గర ఉంది. దానికి గొలుసు లేదు. పల్లంలో అయితే అదే పోతుంది, మిట్టకు రాదు.

"నా సైకిలు తిరగాలంటే దారి పొడవునా పల్లమే ఉండాలి," అన్నాడు కొండముచ్చు. "వెళ్ళేటప్పుడూ పల్లం, వచ్చేటప్పుడూ పల్లం."

"రాసుకోవయ్యా జంబుకయ్యా," అన్నాడు భల్లూకరావు.

ఇక నడకదారి. అడవిలోకెల్లా అందమైన దారి ఏదంటే అందరూ ఏనుగు అవ్వ దారి పేరే చెప్పారు.

ఆ అవ్వ పేరు ఐరావతమ్మ. ఆడ ఏనుగుల గుంపుకు పెద్ద. మండువేసవిలో ఏరు ఎండిపోతే అడవి మొత్తానికి దిక్కు ఎర్రబండ కింద ఊట ఒక్కటే. వేసవిలో అందరూ అవ్వ వెనకే అక్కడికి నడిచేవారు, మలుపుల గుర్తులు మాత్రం అవ్వకే తెలుసు. వాటిని వాళ్ళ అమ్మమ్మ ఆమెకు నేర్పింది. ఇంకా తను ఎవరికీ నేర్పలేదు. నేర్పితే తనకేం పెద్దరికం మిగులుతుందని మనసులో ఒక మూల ఉండేది. ఇప్పుడేమో ఆ పెద్దరికమే గుదిబండై కూర్చుంది. ఎందుకంటే అవ్వకు మరుపు వస్తోంది.

ముందు మనవరాళ్ళ పేర్లు తారుమారయ్యాయి. సరేలే, అందరి ముఖాలూ ఒకలాగే ఉన్నాయి అనుకుంది. తర్వాత, తిన్నానో లేదో అని రెండోసారి తినడం మొదలైంది. అదీ సరే. కానీ ఒక పొద్దు ఊటకు పోతూ పోతూ మద్దిచెట్టు దగ్గర ఆగి, ఇక్కడి నుంచి ఎటు అని నిలబడిపోయింది. అప్పుడు భయం పట్టుకుంది. అప్పటి నుంచి రోజూ ఆ దారిలో నడుస్తూ పైకే జపం చేసుకునేది: "మద్దిచెట్టు, ఒంటిరాయి, తేనెపట్ల బండ, వెదురు మలుపు, ఎర్రబండ." నడిచినంతసేపూ గుర్తుండేది. రోజూ నడవడం వల్ల ఆ దారి నున్నగా, చక్కగా, పాపిడి తీసినట్టు ఉండేది.

జంబుకయ్య పూలదండ పట్టుకుని వచ్చాడు.

"అవ్వా, మీరిక మా నడకదారికి గౌరవ సలహాదారు."

"సలహా ఏమివ్వాలి నాయనా?"

"ఏమీ వద్దు. అందుకే గౌరవం అన్నాం."

అవ్వకు నవ్వొచ్చింది కానీ దండ బాగుంది. జంబుకయ్య గొంతు తగ్గించాడు. "ఈ వయసులో ఇంత దారి తలలో మోస్తున్నారు. ఏ రోజైనా జారిపోతే? మలుపు మలుపుకూ బోర్డు పెట్టిస్తాం. మీరు హాయిగా మరిచిపోవచ్చు. బోర్డు మరిచిపోదు కదా!"

ఆ మాట అవ్వ గుండెలో చెరుకుముక్కలా పడింది. తన భయం ఎవరికీ చెప్పలేదు, చెప్పకుండానే వైద్యం దొరికింది. "మంచివాడివి నాయనా," అని దారంతా నడిపించి చూపించింది. సంఘం వారు మలుపు మలుపునా చెక్క నాటారు. "ఇటు చూడండి, ఆనందించండి" అని ఒకటి, "ఇక్కడ నిలబడి నిట్టూర్చండి" అని ఒకటి, మధ్యలో చిన్న అక్షరాలతో "ఊటకు ఇటు" అని బాణం గుర్తులు.

అంతా అయ్యాక సభ పెట్టారు. భల్లూకరావు గొంతు సవరించుకున్నాడు.

"ఇంత ఖర్చుతో, ఇంత శ్రమతో అందంగా తయారైన దారి ఇది. రోజూ మీరంతా తొక్కి పాడు చేస్తే అతిథులకు ఏం చూపిస్తాం? ప్రారంభోత్సవం దాకా దీని మీద ఎవరూ అడుగు పెట్టకూడదు."

వెనక వరసలో అడవిపంది వరాలమ్మ పిల్లలతో కూర్చుని ఉంది. బురదకూ మాటకూ మొహమాటం లేని మనిషి... మనిషి అంటే పందే.

"దారి మీద నడవకపోతే దాన్నేం చేస్తారు బాబూ, ఉప్పేసి ఊరబెడతారా?"

సభ గొల్లుమంది. జంబుకయ్య గంట కొట్టాడు. "చదువురాని వాళ్ళు వెనక నుంచి మాట్లాడకూడదు. గౌరవ సలహాదారు గారు ఏమంటారు?"

అందరూ అవ్వ వైపు తిరిగారు. రోజూ నడిచే నడక ఆగిపోతుందే అని అవ్వకు ఒక క్షణం అనిపించింది. మెడలో దండ ఇంకా వాడలేదు. "బోర్డులున్నాయిగా," అంది అవ్వ. ఆ సాయంత్రమే దారి మొదట్లో పెద్ద అక్షరాలతో ఇంకో బోర్డు లేచింది, "అడుగు పెట్టకూడదు" అని.

ప్రారంభోత్సవానికి పొరుగడవి పెద్దపులి గారు రావాలి. వానలప్పుడు ఆయన తడవనన్నాడు. చలిలో గుహ దాటనన్నాడు. తేదీ జరుగుతూ జరుగుతూ నడివేసవికి వచ్చి పడింది. అప్పటికి ఏరు ఎండి, ఇసుక మీద చేపముళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. అతిథులతో పాటు అడవి అడవంతా వచ్చింది. అతిథులు అందం కోసం, మిగతావాళ్ళు నీళ్ళ కోసం. అవ్వ తన మనవరాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. చిన్నది నాలుక బయట పెట్టి, "అవ్వా, ఇంకెంతసేపు?" అని గంట నుంచీ అడుగుతోంది.

దారికి అడ్డంగా కట్టిన తీగను భల్లూకరావు కొరికి తెంపాడు. చప్పట్లు కొట్టారు. లోపలికి చూశారు.

దారి లేదు.

ఎవరూ తొక్కని దారి ఏమవుతుందో అదే అయింది. ఒక వానాకాలం గడ్డి, దాని మీద తీగ, దాని మీద ముళ్ళకంప.

"సహజ సౌందర్యం!" అన్నాడు జంబుకయ్య తొందరగా. "బోర్డులు చూసుకుంటూ పోదాం."

మొదటి బోర్డు ఉండవలసిన చోట ఒక మట్టిగూడు ఉంది. ఆ బోర్డును మొదటి నుంచి చివరిదాకా వదలకుండా చదివినవి చెదపురుగులే.

ఈలోగా కొండవాలున వేసిన సైకిలు దారిలో ప్రదర్శన ఇస్తానని కొండముచ్చు పై నుంచి జారాడు. దారి పొడవునా పల్లమే ఉండాలని అడిగినవాడికి పల్లానికి అడుగు ఉంటుందని తోచలేదు. కంపలోంచి "అమ్మో" అని వినిపించింది, ఒక చక్రం మాత్రం బయటికొచ్చి అతిథుల కాళ్ళ దగ్గర పడుకుంది.

"వీళ్ళ అడవిలో చూడవలసింది ఇదేనా?" అన్నాడు పెద్దపులి ఆవులిస్తూ.

భల్లూకరావు చెమటలు తుడుచుకుని అవ్వ దగ్గరికి పరిగెత్తాడు. "అవ్వా, మీరే దిక్కు. ఎటు పోవాలి?"

"మద్దిచెట్టు," అంది అవ్వ. మద్దిచెట్టు ఎదురుగానే ఉంది. "మద్దిచెట్టు తర్వాత..."

కళ్ళు మూసుకుంది. అమ్మమ్మ తోక పట్టుకుని నడిచిన రోజు గుర్తొచ్చింది, ఆ తోక చివర వెంట్రుకలు గుర్తొచ్చాయి, తర్వాత మలుపు రాలేదు. అడవంతా తన నోటి వైపు చూస్తోంది. చిన్నది తొండంతో తన కాలు పట్టుకుని నిలబడింది.

"గుర్తులేదు," అంది అవ్వ. చెప్పేసరికి పెద్దరికమంతా జారి కాళ్ళ దగ్గర పడింది.

"గుర్తులేదంటే ఎలాగండీ! సలహాదారు గారు మీరు!" అని జంబుకయ్య కేక వేశాడు. అప్పటిదాకా దండ వేసినవాడు, ఇప్పుడు తప్పు వేయడానికి మెడ వెతుక్కుంటున్నాడు.

అవ్వ సిగ్గుతో తల వంచుకుంది. వంచుకుంటే కింద వరాలమ్మ కనిపించింది. పిల్లలతో సహా ఒంటి నిండా బురద. ఎండిన బురద కాదు, కారుతున్న బురద.

"వరాలూ," అంది అవ్వ మెల్లగా, "ఈ ఎండల్లో నీకీ బురదెక్కడిదే?"

"ఎక్కడిదేంటమ్మా, ఎర్రబండ కిందది. రోజూ పొర్లి వస్తున్నాంగా."

"రోజూనా!" జంబుకయ్య మీసాలు నిక్కబొడిచాయి. "అడుగు పెట్టకూడదని బోర్డు పెట్టలేదా?"

"పెట్టారు బాబూ. నాకు చదువు రాదని మీరేగా సభలో అన్నారు. అంత పెద్ద అక్షరాలతో రాశారంటే రమ్మనే రాశారనుకున్నా."

కంప కింద పందులు దూరేటంత సొరంగం ఉంది. అవ్వ ఇక ఎవరినీ అడగలేదు. తల ఆనించి తోసింది. ముళ్ళు గీరుకున్నాయి, తీగలు తెగాయి. వెనక అడవంతా బారులు తీరింది. ఒంటిరాయి కనబడగానే "ఆఁ, ఇదే!" అంది, తేనెపట్ల బండ దగ్గర "ఇదీ!" అంది. ఎర్రబండ కింద నీళ్ళు అలాగే ఉన్నాయి. చిన్నది మూతితో పాటు ముందుకాళ్ళు కూడా నీళ్ళలో పెట్టేసింది.

పెద్దపులి కడుపు నిండా తాగి మూతి తుడుచుకున్నాడు. "మొత్తానికి దారి బాగుంది. ఎక్కడా సంఘం చెయ్యి పడినట్టు లేదు."

ఆ మెప్పు భల్లూకరావుకు తలకెక్కింది. మర్నాడే సభ. పందులు తొక్కిన దారిని 'వారసత్వ నడకదారి'గా ప్రకటించారు. అది పాడవకుండా అందరికీ మూసేశారు, ముందుగా పందులకు. జంబుకయ్య మళ్ళీ దండ తెచ్చాడు. అవ్వ దాన్ని అందుకుని, చూసి, నమిలి మింగేసింది.

తెల్లారి మనవరాళ్ళతో దారి మొదటికి వచ్చింది. కాపలాకు కాలికి ఆకుకట్టు కట్టుకున్న కొండముచ్చు ఉన్నాడు.

"అవ్వా, దారి మూసేశాం."

"అయ్యో, ఎప్పుడు నాయనా?"

"నిన్ననే! మీ ఎదురుగానే కదా!"

"ముసలిదాన్ని, గుర్తులేదు," అని తీగ దాటి వెళ్ళింది.

మర్నాడూ అదే. "నిన్న చెప్పానుగా అవ్వా!" "చెప్పావా? పాపం, మంచివాడివి." ఆ మర్నాడు మనవరాళ్ళు కూడా, "మాకూ గుర్తుండటం లేదు మామా, ఇంటి రోగం," అన్నారు. వారం తిరక్కుండా జింకలకూ, కుందేళ్ళకూ ఆ రోగం అంటుకుంది. అధ్యక్షుడి భార్య కూడా బిందె పట్టుకుని వచ్చి, తన మొగుడేం ప్రకటించాడో గుర్తులేదంది. వరాలమ్మకు మాత్రం రోగం రాలేదు. ఆమెకు చదువు రాదు కాబట్టి మరిచిపోవలసిన అవసరం కలగలేదు.

అవ్వకు మరుపు తగ్గలేదు, పెరిగింది. కానీ ఇప్పుడు జపం ఒంటరిగా చేయడం లేదు.

"మద్దిచెట్టు, ఒంటిరాయి..." అని ఆగేది.

"తేనెపట్ల బండ," అనేది తోక పట్టుకున్న చిన్నది.

"తెలుసులేవే," అనేది అవ్వ, తెలియకపోయినా.

నీతి: మరిచిపోతామేమోనని బెంగపడకండి, తప్పనిసరిగా మరిచిపోవలసిన వాటికి సంఘం వారే బోర్డులు పెడతారు.