అధ్యక్షులవారి బుగ్గలోని కణం

జీవకణంలో కేంద్రకం ఒక్కటే ఉండాలన్న నిబంధన ఏదీ లేదనీ, కుటుంబ స్తోమతను బట్టి రెండు గానీ మూడు గానీ ఉండవచ్చుననీ సాంతా రుఫీనా పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించినట్టు ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది. తీర్మానం మీద సంతకాలు పెట్టిన ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నేనొకణ్ని. నా పేరు హెనారో. చర్చి ఎదురుగా ఉన్న మందుల షాపు నాదే.

మా ఊళ్లో ఏటా మే నెలలో బడిపిల్లలకు కణనిర్మాణ పోటీ జరుగుతుంది. కణాన్ని జెల్లీతోనే చేయాలి. జెల్లీ లేని కణం ఉంటుందని మా ఊళ్లో ఎవరూ ఊహించలేరు. పాకంలో ఊరిన పీచ్ పండు చెక్క కేంద్రకం. ఎండుద్రాక్షలు మైటోకాండ్రియాలు. మొక్క కణమైతే హరితరేణువులుగా పచ్చద్రాక్షలు వేసి, చుట్టూ బిస్కెట్లతో కణకవచం కడతారు. జంతుకణానికి గోడ ఉండదు గనుక ఆ మిగులంతా మీగడ మీద చూపిస్తారు. పోటీ పిల్లలది, చేసేది తల్లులు, తినేది మేము. కణంలో ఎవరి పని వారు చేసుకుపోతారని పుస్తకాల్లో రాస్తారే, మా ఊళ్లోనూ అంతే.

న్యాయనిర్ణేతల ఎంపిక అర్హతలను బట్టి జరుగుతుంది. పురపాలక అధ్యక్షులు దోన్ అపొలినార్ గారు పదవి రీత్యా, బ్యాండు మేస్త్రి ఆకలి రీత్యా, నేను అజీర్తి మందు రీత్యా ఎంపికయ్యాం. పందొమ్మిదేళ్లుగా మా తీర్పు మీద ఫిర్యాదు లేదు. ఒకటి రెండు వాంతులు తప్ప.

గెలిచిన ఇంటికి బహుమతి సూక్ష్మదర్శిని. ముప్పయ్యేళ్ల కిందట రాజధాని నుంచి వచ్చిన పెద్దమనిషెవరో బడికి బహూకరించింది. గెలిచినవారు దాన్ని ఏడాదిపాటు ముందుగదిలో టీవీ మీద పెట్టుకుని, క్రోషియా అల్లికతో ముసుగు కుట్టి, చుట్టాలు వచ్చినప్పుడు ముసుగు తీసి చూపిస్తారు. అందులోంచి చూసిన పాపాన ఎవరూ పోలేదు. చూస్తే అరిగిపోతుందని అందరి నమ్మకం.

ఇలాంటి సుభిక్షమైన ఊళ్లో యరేత్సి అనే పన్నెండేళ్ల పిల్లకు ఒక దురాశ పుట్టింది. ఆమె సంతలో ఉల్లిపాయలమ్మే సెనోబియా కూతురు. పోటీకి ముందు నా షాపుకొచ్చింది.

"హెనారో మామా, నేను గెలిస్తే అది ఏడాదంతా మా ఇంట్లోనే ఉంటుందా?"

"ఉంటుందమ్మా. దుమ్ము పట్టకుండా చూసుకోవాలి మరి."

"లోపలికి చూడొచ్చా?"

"ఎందుకే తల్లీ, బయటినుంచి బానే ఉంటుందిగా."

పిల్ల నన్ను జాలిగా చూసి వెళ్లిపోయింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

పోటీ రోజున ఆమె కూడా ఒక కణం తెచ్చింది. అది ఉల్లిపాయ కణమట. మొక్క కణం గోడ గట్టిగా ఉంటుందని పుస్తకంలో చదివి, గోడను అచ్చుబెల్లంతో కట్టింది. లోపల ముప్పాతిక భాగం రిక్తిక అని చెప్పి అందులో ఉత్త నీళ్లు పోసింది. కేంద్రకం ఒకే ఒక చిన్న ద్రాక్షపండు, అదీ ఒక మూలకు ఒదిగి ఉంది. పచ్చదనం ఏదమ్మా అంటే, ఉల్లిగడ్డ మట్టిలో పెరుగుతుంది, ఎండ తగలదు, దానికి హరితరేణువులు ఉండవంది. గోడ కొరికిన అధ్యక్షులవారి పన్ను కదిలింది. బ్యాండు మేస్త్రి చెంచాతో రిక్తిక రుచి చూసి, "నీళ్లే" అని నమోదు చేసుకున్నాడు.

అధ్యక్షులవారు చెంప పట్టుకునే ప్రసంగించారు. "సోదర సోదరీమణులారా, ఏలే కేంద్రకాన్ని మూలకు తోసి, నీళ్లకు పెద్దపీట వేసే కణం మన సంస్కృతి కాదు. ఇటువంటి కణాలు పెరిగితే రేపు మున్సిపాలిటీ ఎక్కడుంటుంది?"

చప్పట్లు మోగాయి. మొదటి బహుమతి దోన్యా ఎదువీహెస్ గారి అబ్బాయి చేసిన, అనగా దోన్యా ఎదువీహెస్ గారు చేసిన, జంతుకణానికి దక్కింది. అందులో కేంద్రకాలు మూడు. ఆమె బిడ్డకు అధ్యక్షులవారే జ్ఞానస్నానపు తండ్రి అన్న విషయానికీ తీర్పుకూ సంబంధం లేదు. పీచ్ పండ్లు నిజంగానే బాగున్నాయి. ఆ ఏడే బదిలీ మీద వచ్చిన సైన్సు మాస్టారు, "కేంద్రకం ఒకటే ఉంటుందేమోనండీ" అని గొణిగాడు. అందువల్లనే పైన చెప్పిన తీర్మానం అవసరమైంది.

యరేత్సి ఏడవలేదు. మర్నాడు విజయోత్సవ విందు వంటకు ఉల్లిపాయలు ఇవ్వడానికి దోన్యా ఎదువీహెస్ ఇంటికెళ్లింది. ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి వచ్చి చూసేసరికి, సూక్ష్మదర్శిని ముసుగు కుర్చీ మీదుంది, యంత్రం కిటికీలో ఎండకు ఉంది, పిల్ల ఒంటికన్నుతో అందులోకి తొంగిచూస్తోంది.

"ఏం పిల్లా, ఎత్తుకుపోదామనా?"

"లేదు పిన్నీ, ఉల్లిపాయ చూస్తన్నా."

"ఉల్లిపాయ చూడ్డానికి ఇంత యంత్రమెందుకే? కళ్లు లేవా?"

"మీరూ చూడండి. ఈ కన్ను మూసుకుని."

ఆవిడ చూసింది. చూస్తూనే ఉంది. ఆ రోజు విందులో కూర మాడు వాసన వేసింది గానీ, దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. ఎందుకంటే ఆవిడ వచ్చినవాళ్లందరికీ ఒకటే చెప్పింది. "గదులండీ. ఇటుకలు పేర్చినట్టు ఒకదాని పక్కన ఒకటి గదులు. వెతికి వెతికి చూశాను, ఒక్కదాంట్లోనూ పీచ్ ముక్క లేదు."

వార్త అధ్యక్షులవారిని చేరింది. ఆయన దూరదృష్టి గలవారు. ఉల్లిపాయకే అన్ని గదులుంటే ప్రజలెన్నుకున్న ప్రతినిధికి ఎన్ని ఉండాలో ఆలోచించారు. ఆదివారం ప్రార్థన ముగిశాక, చర్చి ముందు మైదానంలో, బ్యాండుతో సహా, తమ స్వంత కణాన్ని ప్రజల దర్శనార్థం ఉంచుతామని ప్రకటించారు.

కణం కనబడాలంటే రంగు కావాలని యరేత్సి నా దగ్గరికే వచ్చింది. గొంతు నొప్పికి పూసే నీలిమందు ఒక చుక్క ఇచ్చాను. ఇవ్వకపోయి ఉంటే బాగుండేది.

ఆదివారం ఎండ బాగా కాసింది. యరేత్సి పళ్లపుల్ల మొద్దుకొనతో అధ్యక్షులవారి బుగ్గ లోపల మెల్లగా గీకి గాజుపలక మీద రాసింది. తర్వాత తల్లిని పిలిచింది.

"నా బుగ్గెందుకే? పొద్దున్నించీ మొహమైనా కడగలేదు."

"పోల్చి చూడాలంటే రెండుండాలమ్మా. నోరు తెరువు."

పోల్చి చూస్తే తమ ఘనత మరింత తెలుస్తుందని అధ్యక్షులవారు అనుమతించారు.

మొదటి పలక పెట్టారు. బ్యాండు మేస్త్రి చూసి టోపీ తీశాడు. "ఆ హుందాతనం చూడండి. ఆ నీలిచుక్కలో గాంభీర్యం చూడండి. నాయకుడన్నవాడి కణం వేరండీ." దోన్యా ఎదువీహెస్ అవునంది. నేను కూడా, దాచడం దేనికి, ఆ కణానికి ముఖకవళికలు ఉన్నాయనీ అవి అధ్యక్షులవారి తాతగారివనీ అన్నాను. చివరగా అధ్యక్షులవారు స్వయంగా చూసి కళ్లు తుడుచుకున్నారు. రెండో పలక పెడితే అందరం ముక్కులు చిట్లించాం. మోటుగా ఉంది. ఉల్లి కంపు కూడా వచ్చిందని మేస్త్రి ప్రమాణం చేశాడు.

అప్పుడు యరేత్సి పలకలకు అంటించిన కాగితం ముక్కలు చదివింది. మొదటిది అమ్మది.

బ్యాండు ఆగిపోయింది. సెనోబియా మాత్రం, "నాదా? అంత బాగుందా?" అని కొంగుతో మొహం తుడుచుకుంది.

అధ్యక్షులవారు రెండు పలకలనూ మార్చి మార్చి చూశారు.

"ఏ పిల్లా, తేడా ఎక్కడుంది?"

"లేదయ్యా."

"సరిగ్గా చూడవే."

"చూశానయ్యా. మీకూ గోడ లేదు, మా అమ్మకూ గోడ లేదు. కేంద్రకం మీకూ ఒకటే, మా అమ్మకూ ఒకటే."

జనంలో ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. అధ్యక్షులవారు ఆ మధ్యాహ్నమే అత్యవసర సమావేశం జరిపి, యంత్రం చెడిపోయినట్టు తీర్మానించారు. లోపం అన్న గడిలో "మనుషులందర్నీ ఒకేలా చూపుతోంది" అని నేనే రాశాను, నా దస్తూరి బాగుంటుందని. దాన్ని మరమ్మతు కోసం పట్నం పంపితే, ఏ లోపమూ లేదని తిప్పి పంపారు. మరమ్మతు చేసేవాడి కళ్లకు కూడా మరమ్మతు కావాలని సంఘం భావించింది.

పనికిరాని సామాను ఎవరు మోసుకుపోతే వారిది అని మా పురపాలక నియమం. యరేత్సి తన తల్లి ఉల్లిపాయల బండిని తోసుకొచ్చింది. గోనె పరిచి, యంత్రాన్ని పసిపిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టుకుని తీసుకెళ్లింది. ఆ పిల్ల మొహం నేను చూశాను. మా పోటీలో గెలిచినవాళ్లెవరి మొహమూ అలా వెలగలేదు.

బహుమతిగా ఇప్పుడు ఇత్తడి సూక్ష్మదర్శిని చేయించాం. పాతదానికంటే రెండింతలు ఎత్తు, తళతళలాడుతుంది. చూడటానికి రంధ్రం లేదు. ఈ ఏటి పోటీలో కణానికి కేంద్రకాలు అయిదుకు చేరాయి. ఊరు అభివృద్ధి పథంలో ఉంది.

సంతలో మాత్రం సెనోబియా బండి దగ్గర ఉల్లిపాయల అమ్మకం ఎందుకో పెరిగింది. ఒక కన్ను మూసుకుని బేరమాడేవాళ్లు ఎక్కువయ్యారు. నేనూ వెళ్లాను. నా బుగ్గ కణం నేనే చూశాను, అందులోనూ కేంద్రకం ఒకటే. ఎవరికీ చెప్పొద్దని యరేత్సిని బతిమాలుకున్నాను.

ఇదంతా చదివి మా ఊరిని చూసి నవ్వుకుంటున్న పెద్దలకు ఒక మనవి. మీ ఊరి బడిలోనూ గాజు అలమారలో అలాంటి యంత్రం ఒకటి ఉండే ఉంటుంది. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో మీకు తెలియకపోతే కంగారు పడకండి. మీ ఊళ్లో ఇంకా అధ్యక్షుల కణం వేరు, ఉల్లిపాయలమ్మేవాళ్ల కణం వేరేనన్నమాట.