మధ్యస్థ వరదలో పిల్లమ్మ

వరదలను తరగతులుగా విడగొట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు నా నమస్కారం! స్వల్పం, మధ్యస్థం, తీవ్రం. ఈ ఏర్పాటే లేకపోతే, మునిగినవాడికి తానెంత మునిగాడో ఎలా తెలుస్తుంది?

మా కోలారు జిల్లావాళ్లకు ఈ చదువు మరీ అవసరం. పాలారు అంటే మాకు నది కాదు, ఇసుక లారీల దారి. అలాంటిది మొన్న కార్తీకంలో తీరం దాటిన తుఫాను మమ్మల్నీ పలకరించింది. ఎగువన చెరువులు తెగాయి. పాలారు నిజంగానే నది అయిపోయింది!

ఒడ్డునుండే పిల్లమ్మ ఇంట్లోకి తెల్లారేసరికి మోకాలిలోతు నీళ్లు. బంగారు గనిలో పనిచేసిన భర్త పోయాక, ఆమెకు మిగిలింది ఆ మట్టి ఇల్లూ, కుట్టుమిషనూ. ఒక గోడ కూలగానే, పక్కింటి చెన్నరాయప్ప మిషన్ను నెత్తికెత్తుకున్నాడు. ఇద్దరూ బడికి పరిగెత్తారు. అక్కడ సహాయ కేంద్రమని బోర్డుంది. తలుపుకు తాళమూ ఉంది. తాళం పక్కన అధికారి శ్రీనివాసమూర్తిగారున్నారు. గొడుగుతో నేనూ ఉన్నాను.

"ఇది మధ్యస్థమమ్మా. తీవ్రమైతేనే తెరవాలి" అన్నారాయన.

"మా గోడ పడిపోయినాది సామీ!"

"గోడ లెక్కలోకి రాదు. వంతెన దగ్గర కొలబద్ద మీద ఎర్రగీత దాటాలి."

"కొలబద్ద యాడుండాదప్పా? అదీ కొట్టుకోని పోయినాది!" అన్నాడు చెన్నరాయప్ప.

చూశారా శాస్త్రం గొప్పతనం! కొలబద్దే లేదు కనుక నీళ్లు గీత దాటినట్టు రుజువు లేదు. రుజువు లేదు కనుక పిల్లమ్మ మధ్యస్థంగానే తడవాలి!

అయినా మూర్తిగారు నిజాయితీపరుడు. స్వయంగా చూసొస్తానని జీపెక్కారు. బడి దాటీ దాటగానే, కాలువ మీది మోరీపై జీపు ఆగిపోయింది. నీళ్లు సీటెక్కాయి. "అమ్మా! అప్పా!" అని ఆయన కేకలు.

చెన్నరాయప్ప తాడు విసిరాడు. పిల్లమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్లలోకి దిగింది. కాళ్లు జారుతున్నా తాడు వదల్లేదు. ఇద్దరూ లాగి ఆయన్ను గట్టెక్కించారు. ఒక బూటు మాత్రం పాలారు వెంట తమిళనాడుకు వెళ్లిపోయింది.

ఒడ్డెక్కగానే ఆయన నా ఫోన్ లాక్కున్నారు. "తీవ్రం సార్! అతి తీవ్రం!"

తాళం తెరుచుకుంది. దుప్పట్లొచ్చాయి, టీ వచ్చింది. అప్పటికి నీళ్లు తగ్గుముఖం పట్టాయనుకోండి. నీళ్లు తగ్గుతుంటే వరదకు ప్రమోషన్! ఇలాంటి అదృష్టం ఏ ఉద్యోగికుంది?

దుప్పటి కప్పుకుని వణుకుతూ, "నా ప్రాణం నిలబెట్టావమ్మా. నీకేం చేయమంటావు?" అన్నారు మూర్తిగారు.

పిల్లమ్మ కొంగుతో మిషన్ తుడుచుకుంటోంది. తలెత్తకుండానే అంది:

"ఇంగేమీ వద్దు సామీ. గోడ మళ్లా కట్టుకుంటాను. వచ్చే తుఫానుకు మీరొచ్చి మా ఇంట్లో కూర్చోండప్పా. నీళ్లెంతొచ్చినాయో మీ కాళ్లకే తెలుస్తాది."