నిష్కవర కొర్రమట్టానయనం

స్వస్తి! పాలు కవరులో, పెరుగు కవరులో, ఉప్పు కవరులో, ఆ మూడింటినీ మోసుకుపోవుటకు మరొక కవరు, అది చినుగునేమోనని దాని మీద ఇంకొక కవరుగా వర్ధిల్లుచున్న ఈ కలియుగమున, మంజీరా నదికి తూర్పుగా వెలసిన ఎల్లారెడ్డి పట్టణమున, మృగశిర కార్తె తొలినాడు, అనగా చేప తిననివాడు మనిషే కాడని జనులు గాఢముగా నమ్మే మిరుగం నాడు, ఉదయము తొమ్మిదిన్నరకు, కామారెడ్డి శివారు నివాసియు, శుభ్రధవళనూతనాంగీధరుడును, ఇరువది మూడు దినములుగా భార్య నోట ఒక్క మాటకు నోచుకోనివాడును అగు నర్సింహులు అను మహావీరుడు చేపల అంగడిలో పాదము మోపెను. వినుడు. మధ్యలో లేచిపోవువారు ఇప్పుడే లేచిపొండు, నాకు కోపము ఎక్కువ.

భార్య మాట ఏల కరువాయెనో ముందు చెప్పెదను. ఆ ఇల్లాలు సత్యమ్మకు లచ్చి అనే బర్రె ఉండెను. పూటకు నాలుగు లీటర్లిచ్చే ఆ బర్రె తొమ్మిది రోజులు గడ్డి ముట్టక, కడుపుబ్బి, సత్యమ్మ ఒడిలో మూతి పెట్టి కన్ను మూసినది. పశువుల డాక్టరు కడుపు కోసి చూడగా, గడ్డి ఉండవలసిన చోట గంపెడు కవర్లు. వాటిలో నల్లవి అనేకము. ఆ నల్లవాటి మూతికి రెండు ముళ్లు, వాటి మీద అడ్డముగా మూడవది. ఆదివారము కూర తిని, ఎముకలను, మిగిలిన అన్నమును కవరులో మూటగట్టి, కుక్కలు చిందరవందర చేయకుండ గట్టిగా బిగించి, ఇంటి వెనుక పెంటకుప్ప మీదికి విసరుట నర్సింహులు అలవాటు. ఊరిలో ఆ ముడి వేయువాడు అతడొక్కడే. సత్యమ్మ ముడి చూసెను, మగని ముఖము చూసెను, లేచి లోపలికి పోయెను.

ఆనాటి నుండి ఆ ఇంట మాట లేదు. అన్నము పెట్టును, పిలువదు. పిలువవలసి వచ్చినచో వాకిట్లో కోడిపుంజుతో "బువ్వ పెట్టిన, తినుమను" అని చెప్పును. పుంజుకు దక్కిన గౌరవము తనకు దక్కనందుకు వీరుడు లోలోపల ఏడ్చెను. నిజముగనే ఏడ్చెను, ఇందులో కవి కల్పన లేదు.

కావున మిరుగమునాడు అతడు ప్రతిజ్ఞ పూనెను: "ఓ దిక్కులారా! నా ధర్మపత్ని పుట్టినూరగు ఎల్లారెడ్డికేగి, ఆమెకు ప్రాణమైన కొర్రమట్ట చేపను, కవరుస్పర్శ ఎరుగని దానిని, ఈ చేతులతో తెచ్చెద! తేలేనిచో ఈ మీసమెందుకు!" ఇది భావము. నోటితో అన్నది మాత్రము "ఎల్లారెడ్డి పోయొస్త" అని. అదియు పుంజుతోనే.

కవచముగా ఒక గుడ్డసంచి తీసుకొనెను. చీరల దుకాణమువారు ఉచితముగా ఇచ్చినది, పూలబొమ్మలున్నది. అంగడిలో చేపలమ్మే ఎంకవ్వ ముందు జనసముద్రము పొంగుచుండగా, వీరుడు తన వంతుకై ఎదురుచూచుచు బీడీ ముట్టించెను. నిప్పురవ్వ రాలి సంచి మీద పడెను. బట్టయైనచో మసి కావలె గదా! ఆ సంచి జిగురువలె కరిగి, బొట్లుబొట్లుగా కారి, ముక్కు పగులు కంపు కొట్టి, పిడికిలి పట్టునంత బొక్క పడెను. హా! బట్టవేషము దాల్చి శత్రువు తన చంకలోనే దూరియుండెను!

ఎంకవ్వ నవ్వు ఆపుకోలేకపోయెను. "గది బట్టనుకున్నవా ఏందే అన్నా? గది గుడ ప్లాస్టిక్కే. బట్ట లెక్క కనవడ్తది, గంతే."

తొట్టిలో మిగిలినది ఒకే ఒక కొర్రమట్ట. మూరెడు పొడవు, పాము తల, నీళ్లు లేకున్నా గంటలకొద్దీ ప్రాణము నిలుపుకొనగల మొండిఘటము. వెనుక నలుబది మంది. ఎంకవ్వ నల్లకవరును చిటికెలో లాగి, నోటితో ఉఫ్‌మని ఊది, విప్పి పట్టుకొనెను.

"కవరొద్దవ్వా."

"కవరొద్దా? కోసి ముక్కలిస్త, దేంట్ల వట్టుకపోతవ్?"

"కోయకు. గట్లనే ఇయ్యి."

"పానమున్న చేపను చంకల పెట్టుకొని పోతవా?"

"పోత."

ఎంకవ్వ అతని ముఖము తేరిపార చూసి, పసిపిల్లను అందించినట్టు చేపను చేతికందించెను.

అనంతరము కామారెడ్డి బస్సు. ఆ బస్సులో సీట్లన్నియు స్త్రీజనాక్రాంతములు, నిలుచు జాగాయు స్త్రీజనాక్రాంతము. కండక్టరు మల్లేష్ ఈ విచిత్రప్రయాణికుని చూచి సందేహములో పడెను. "కోడికైతే టికెట్ గొట్టిన గని, చేపకెన్నడు గొట్టలే. గిది బతికున్నదా, సచ్చిందా?" చేప స్వయముగా సమాధానమిచ్చెను, తోకతో, కండక్టరు చెంప మీద.

అప్పుడు మొదలాయెను అసలు యుద్ధము. శత్రువు కరుణారూపములో వచ్చెను. కామారెడ్డిలో కుట్టుమిషను నడుపు వాజిదా తన బ్యాగు తెరచి "గిండ్ల వెయ్యి అన్నా" అని కవరు చాపెను. ఆమెను చూచి ముందు సీటు చాపెను, వెనుక సీటు చాపెను, కండక్టరు సైతము జేబులోనిది చాపెను. తెల్లవి, నల్లవి, పచ్చవి, మిఠాయి దుకాణపు గీతలవి, పదిహేడు కవర్లు ఒక్కసారి గాలికి పటపటలాడెను. ఒక్కరు కూడ చెడ్డవారు కారు. అందుకే వారిని గెలుచుట కష్టము.

"వద్దమ్మా, మీకు దండం పెడ్త," అని నర్సింహులు కేకవేసెను. చేతులు ఖాళీ లేనందున దండము పెట్టలేదు. "మా లచ్చి కడుపుల నా కవర్లే ఎల్లినయ్. నేను ముడేసినయే. మా ఇంటామె ఇరవై మూడు రోజులసంది నాతోని మాట్లాడతలేదు."

వాజిదా చాపిన కవరును మెల్లగా మడిచెను. "మా మేక గుడ గట్లనే వోయింది అన్నా. మనమేమన్న తక్వ తింటున్నమా? సలసల కాగే చాయ్ కవర్ల పోపిచ్చుకొని తాగుతం. మన కడుపు కోసి సూసెటోడు లేడు, గంతే."

సరిగ్గా తాడ్వాయి దాటిన పిమ్మట మూల మలుపున, డ్రైవరు బ్రేకు తొక్కుటయు, కొర్రమట్ట విజృంభించి వీరుని బాహుబంధమును ఛేదించుకొని, ఎగిరి, ఒక అవ్వ ఒడిలో పడి, అచటినుండి దూకి, సీట్ల కింద దూరి, చెప్పుల నడుమ, టిఫిను డబ్బాల నడుమ జిగటజిగటగా పారాడుటయు, స్త్రీజనమంతయు కాళ్లు పైకెత్తి ఆక్రోశించుటయు, నర్సింహులు మోకాళ్ల మీద పాకి, తలను సీటు కడ్డీకి కొట్టుకొని, తోక పట్టి జార్చి, నడుము పట్టి జార్చి, మళ్లీ పట్టుటయు ఏకకాలమున జరిగెను. "తలకాయ వట్టు! తలకాయ!" అని బస్సంతా గురూపదేశము చేసెను. పట్టెను. పట్టిన తక్షణమే, ఇల్లు చేరులోగా ఇది మరల జారుననియు, జారినచో ఒట్టు మంటగలియుననియు గ్రహించి, ఆ శూరుడు పెండ్లిళ్లకు మాత్రమే తొడుగు నూతనధవళాంగీని విప్పి, చేపను చుట్టి, అంగీ చేతులు రెండింటిని కలిపి ముడివేసెను. వాజిదా తన సీసాలోని నీళ్లు దానిమీద పోసెను. ఆ సీసా కూడ ప్లాస్టిక్కుదే. వీరుడు చూడనట్టు ఊరుకొనెను, మనమును ఊరుకుందము.

మధ్యాహ్నము, అర్ధనగ్నుడై, మోకాళ్లు దోక్కుపోయి, ఆ నెత్తురు మూటకు అంటుకొని, మత్స్యగంధము వీధి మొదటినుండియే చాటింపు వేయుచుండగా ఇల్లు చేరెను. సత్యమ్మ ఖాళీ కొట్టము ఊడ్చుచుండెను. ఊడ్చుటకు అందులో ఏమియు లేదు, ఐనను ప్రతిదినము ఊడ్చును. వీరుడు మూట విప్పెను. చేప నోరు తెరచి మూసెను. సత్యమ్మ చేపను చూసెను. అతని చేతులు చూసెను, చంకలు చూసెను, చుట్టూ తిరిగి వీపు వెనుక కూడ చూసెను. ఎక్కడా కవరు లేదు.

పిదప ఆమె చూపు అంగీ మీద పడెను.

"ఏందయ్యా గిది? కొత్తంగి! రెండుపాలి తొడుగలే! గీ జిగటెట్ల పోతదనుకున్నవ్? గీ నెత్తురెట్ల పోతది? ఇంట్ల సర్వ లేదా, బకీటు లేదా? పొయ్యేటప్పుడు బకీటు వట్టుకపోవాల్నని తెల్వదా నీకు? బుద్ధున్నదా?"

ఇరువది మూడు దినములకు! పుంజుతో కాదు, గోడతో కాదు, సూటిగా ముఖము మీద! అంత చక్కని తిట్టు నర్సింహులు జన్మలో వినియుండలేదు. కండ్లు నిండగా, అటులనే నిలుచుండిపోయెను.

"ఇంక నిలవడి సూస్తవేంది? పొయ్యిల బూడిద తే, చేప తోముదాం."

జయము! విజయము! నాటి మిరుగమున ఆ చుట్టుపక్కల చేతులు మారిన వేలాది కవర్లలో ఒకటి తగ్గెను. ఒక్కటే. కవి అబద్ధమాడడు, సరిగ్గా ఒక్కటే. దిక్కులు పిక్కటిల్లునట్లు ఆ వార్త చాటుటకు కూడ తీరిక లేక, మహావీరుడు నర్సింహులు బూడిదకై పరుగెత్తెను.