నీలం పట్ట కింద తెల్లచొక్కా

ఆ ఉదయం రంగన్న పెట్టుకున్న పని ఒక్కటే. పొట్టేలు కోసి సుంకిరెడ్డికి విందు పెట్టాలి, ఆయన పక్కన నిలబడి ఫోటో దిగాలి, దాన్ని పటం కట్టించి వసారాలో తగిలించాలి. జమ్మలమడుగు పక్క పల్లెల్లో ఆ రోజుల్లో తలుపుకు గడియ లేకపోయినా గడిచేది గానీ, గోడ మీద తమ వర్గం నాయకుడితో దిగిన ఫోటో లేకపోతే గడిచేది కాదు. మొన్ననే అవతలి వర్గంవాళ్ళు రంగన్న వాళ్ళన్న గొర్రెలదొడ్డికి నిప్పు పెట్టారు. ఆయనింట్లో ఫోటో లేదు మరి.

ప్రొద్దుటూరు నుంచి ఫోటోగ్రాఫర్ అబ్దుల్ సత్తార్ కొత్తగా కొన్న డిజిటల్ కెమెరాతో వచ్చాడు. రెడ్డి ఎండలో నిలబడ్డాడు. రెడ్డితో సమానంగా నిలబడడం మర్యాద కాదు కనుక రంగన్న ఒకడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగుతో, విందు కోసం పందిరిలా కట్టిన నీలం టార్పాలిన్ పట్ట కిందికి చేరాడు.

ఫోటో వచ్చింది. అందులో రెడ్డి చొక్కా తెల్లగానే ఉంది. రంగన్న తెల్లచొక్కా మాత్రం నీలంగా ఉంది. అవతలి పార్టీ జెండా ఏ నీలమో, సరిగ్గా ఆ నీలం.

"ఏందిరా రంగన్నా, నా పక్కనే నిలబడి ఆ పార్టీ రంగేసుకుంటావా?" అని రెడ్డి ఫోటో విసిరికొట్టాడు.

"తెల్లసొక్కానే రెడ్డీ! కండ్లారా చూసినావు గదా!"

రెడ్డి చూశాడు. ఊరంతా చూసింది. కానీ మనుషుల మాట నమ్మడం ఎప్పుడో మానుకున్న ఊరది, మిషన్ అబద్ధం చెప్పదని గట్టిగా నమ్మింది. విందులో రంగన్న పక్కనే కూర్చుని తిన్న గంగులయ్య అయితే, "నాకూ తెల్లగానే కనపడిందప్పా. శానా మోసం చేసినాడు" అని వాపోయాడు.

రంగన్న భార్య వెంకటలక్ష్మమ్మ ఆ చొక్కానే తెచ్చి చూపించింది.

"ఇది వేరే సొక్కా" అన్నాడు గంగులయ్య.

"ఆ పొద్దు కూర పడిన మరక ఉండాది, చూడప్పా!"

"మరకదేముంది, ఎవురైనా పెట్టుకుంటారు."

కబురు జమ్మలమడుగు చేరింది. అవతలి పార్టీ ఆఫీసు నుంచి మోటారుసైకిల్ మీద ఒక నీలం కండువా వచ్చింది. మాటమాత్రం చెప్పకుండా తమలో చేరినందుకు సంతోషమట. దాంతో రంగన్న పని అయిపోయింది. సుంకిరెడ్డి మనుషులు అతనింటి ముందు ఊరికే అటూ ఇటూ నడవడం మొదలుపెట్టారు. ఆ ఊళ్ళో మనుషులు ఊరికే నడిస్తే తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన వెంకటలక్ష్మమ్మకు అన్నం సహించలేదు.

చివరికి రంగన్న సత్తార్ కాళ్ళావేళ్ళా పడి రెడ్డి ఇంటికి తీసుకొచ్చాడు.

"కన్ను తెలివైంది సార్" అన్నాడు సత్తార్. "సొక్కా తెల్లదని దానికి తెలుసు. నీలం వెలుతురు పడినా తెలుపనే చెప్తాది. కెమెరాకు ఆ తెలివి యాడిది? మీద ఏ వెలుతురు పడితే అదే పట్టుకుంటాది."

"సూపీ" అన్నాడు రెడ్డి. తలుపులు వేయించి, పెరట్లో నీలం పట్ట కట్టించి, తెల్లబట్టలతో తానే దాని కింద నిలబడ్డాడు. సత్తార్ ఫోటో తీసి కెమెరా వెనకున్న చిన్న తెర చూపించాడు. రెడ్డి ఆపాదమస్తకం నీలంగా ఉన్నాడు.

రంగన్నకు ఏడుపొచ్చింది. "బతికిపోయినా రెడ్డీ! ఈ ఫోటో ఊర్లో అందరికీ సూపిస్తే సాలు!"

రెడ్డి ఆ తెరనే చాలాసేపు చూశాడు. వచ్చే ఎన్నికల్లో టికెట్టు ఆయనకు రావలసి ఉంది.

"నీ తప్పేం లేదు రంగన్నా. నాకు తెలిసిపోయింది" అన్నాడు మెల్లగా. "కానీ ఇది బయటికి పోతే నన్నెవురు నమ్ముతారు?"

కెమెరాను రోట్లో వేసి రోకలితో దంచించాడు.

"నీ పెండ్లాం ఊరు పులివెందుల పక్క సింహాద్రిపురమే గదా, రేపు ఆడికి పో. ఈడుంటే మావోళ్ళను నేను ఆపలేను."

మర్నాడు రంగన్న అదే తెల్లచొక్కాతో, పెళ్ళాంతో పులివెందుల బస్సెక్కాడు. సాగనంపడానికి ఒక్కరూ రాలేదు, పాపం. ఏ రంగు చొక్కా వేసుకుని పోయాడని తర్వాత ఎవరైనా అడిగితే, ఊరంతా నీలమనే చెప్పింది. సుంకిరెడ్డి ఒక్కడే, తాను సరిగ్గా చూడలేదన్నాడు.