సుంకులమ్మకు పదకొండో ఏడు

నాగవేణి తన పదకొండేళ్ల వయసును పోగొట్టుకున్నది ఒక సోమవారం, మండల కార్యాలయంలో, భోజన విరామానికి కాస్త ముందు. పోగొట్టుకుందనడం పూర్తిగా సరికాదు. దాన్ని ఆమె తల్లి సుంకులమ్మ తీసుకుంది. బదులుగా తన ముప్పై నాలుగేళ్లూ కూతురికి ఇచ్చింది. గుమాస్తా ఇద్దరి వేలిముద్రలూ తీసుకుని, కుర్చీలో ఉన్న సుంకులమ్మను లేపి నాగవేణిని కూర్చోమన్నాడు. పెద్దవాళ్లను నిలబెట్టి చిన్నవాళ్లు కూర్చోవడం ఆ కార్యాలయంలో పద్ధతి కాదు.

వయసు మార్పిడి ఆ ప్రాంతానికి కొత్త కాదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదని నియమం ఉంది. ఇంట్లోవాళ్లు ఒకరికొకరు సాయపడవచ్చని కూడా ఆ నియమంలోనే ఉంది. వయసు ఇచ్చిపుచ్చుకోవడం ఇంటి సాయం కిందికే వస్తుందని పై అధికారులు ఎప్పుడో తేల్చారు. మార్పిడిలో మారేది వయసొక్కటే. ఒళ్లు ఎవరిది వాళ్లకే ఉంటుంది.

విత్తన పత్తి పండించేవాళ్లకు కావలసింది సరిగ్గా అదే. ఆ చేలో సాయంత్రం పూట మొగ్గను విప్పి, లోపలి పుప్పొడి కాడల్ని గోటితో గిల్లేస్తారు. మర్నాడు పొద్దున మరో రకం చెట్టు పువ్వు తెచ్చి దానికి అద్దుతారు. దీన్ని క్రాసింగ్ అంటారు. ఇందుకు సన్నటి వేళ్లు ఉండాలి. నడుం వంచకుండానే మొగ్గలు అందే ఎత్తు ఉండాలి. పిల్లలకు ఈ రెండూ ఉన్నాయి. లేనిది వయసే.

సుంకులమ్మ కూడా ఎనిమిదో ఏటినుంచి క్రాసింగ్ చేసిన మనిషే. పొడుగు పెరిగాక ఆమెను మాన్పించారు. కూలీలను కుదిర్చే రంగస్వామి మార్పిడి మాట చెప్పడానికి వచ్చినప్పుడు, తల్లి మనసు ఒప్పుకోదేమోనని చాలా సంగతులు కూడగట్టుకుని వచ్చాడు. మొదటిది పూర్తి కాకముందే సుంకులమ్మ సరేనంది. ఆయన దాన్ని లేమి అనుకున్నాడు. కానీ అంతకు ముందు నుంచే, నాగవేణి గడపలో కూర్చుని కొత్త పుస్తకం వాసన చూస్తుంటే సుంకులమ్మ చేతిలో పని ఆపేసేది. ఆ పుస్తకం తీసి అవతల పడేయాలనిపించేది. తల్లికి కూతురి మీద కుళ్లు ఉంటుందని ఎవరూ అనుకోరు కనుక అది ఎవరి కంటా పడలేదు.

మార్పిడి జరిగిన మర్నాడు నాగవేణికి తెల్లవారకముందే మెలకువ వచ్చింది. మళ్లీ నిద్ర పట్టలేదు. ఇంట్లో ఉన్న బియ్యం ఎన్నాళ్లు వస్తాయో ఎవరూ అడక్కుండానే ఆలోచన మొదలైంది. ఇవన్నీ వయసుతో పాటు వచ్చేవే. సుంకులమ్మ ఎండ మొహం మీద పడేదాకా పడుకుని, లేచాక జడ వేయమంది. కూతురు స్టూలెక్కి తల్లికి రెండు జడలు వేసి బడికి పంపింది.

బడిలో ప్రమీల టీచర్ ఆమెను వెనక బెంచీలో కూర్చోబెట్టింది. ముందు కూర్చుంటే వెనకవాళ్లకు నల్లబల్ల కనపడదు. హాజరు పిలుపులో నాగవేణి పేరు వచ్చినప్పుడు సుంకులమ్మ పలికేది. వయసు ఎటు పోతే బడిలో చోటూ అటే పోతుంది. టీచర్ ఆ పేరు దగ్గర ప్రతిరోజూ కొంచెం ఆగేది, తర్వాత కిందికి పోయేది. సుంకులమ్మ ఖోఖోలో అందరికంటే బాగా పరిగెత్తింది. చిక్కీ పెద్ద ముక్క కోసం పోట్లాడింది. చేతికందిన ప్రతి అక్షరాన్నీ గట్టిగా చదివింది.

చేలో నాగవేణిని అందరూ అక్కా అనేవాళ్లు. నిజంగానే ముప్పై నాలుగేళ్లున్న ఆడవాళ్లు పని దొరక్క గట్టు మీద కూర్చుని ఆమెను చూసేవాళ్లు. వాళ్ల చూపులో జాలి లేదు. మూరెడు పిల్ల తమ వయసు వేసుకుని తమ పని చేసుకుపోతోందన్న కడుపుమంట ఉంది.

కార్మిక శాఖ అధికారి ఒకసారి తనిఖీకి వచ్చాడు. చెట్ల మధ్య తలలు మాత్రమే కనిపిస్తున్న కూలీలను ఒక్కొక్కరినే వయసు అడిగాడు. ఆయనకు ముప్పై రెండు. నాగవేణి తనకంటే పెద్దదని తెలిసి చేతులు కట్టుకుని మాట్లాడాడు.

"మందు కొట్టిన చేలోకి పిల్లల్ని రానీయొద్దక్కా. మీ పెద్దోళ్లే చూసుకోవాల" అన్నాడు.

"అట్లే సార్. మా ఇంట్లో పాపను బడికి పంపిస్తాండాం" అంది నాగవేణి. ఆ పొద్దున కొట్టిన మందుకు ఆమె కళ్లు మండుతున్నాయి. అధికారి సంతోషించి, కూలీలంతా పెద్దవాళ్లేనని రాసుకుని వెళ్లిపోయాడు.

నాగవేణికి పని కష్టం కాలేదు. సాయంత్రమే కష్టంగా ఉండేది. పుప్పొడితో పసుపైన వేళ్లు కడుక్కుంటుంటే, సిరా అంటిన వేళ్లతో తల్లి వచ్చి ఆకలవుతోందనేది. అన్నం తింటూ బడి సంగతులు చెప్పేది. నాగవేణి స్నేహితురాళ్లు ఇప్పుడు ఆమె స్నేహితురాళ్లు. నాగవేణి పక్కకు తిరిగి వినేది, వినకుండా ఉండలేకపోయేది. ఒకరోజు సుంకులమ్మ భారతదేశం పటానికి రంగులు వేసి, సముద్రం ఎంత బాగా వచ్చిందో చూడమంది. తల్లి నిద్రపోయాక నాగవేణి ఆ పటాన్ని పొయ్యిలో పెట్టింది.

తెల్లారి సుంకులమ్మ వీధి అరుగు మీద కూర్చుని ఏడ్చింది. పక్కింటి ఖాసింబీ వచ్చి విషయం కనుక్కుని నాగవేణిని చీవాట్లు పెట్టింది.

"ముప్పై నాలుగేండ్లు మింద పెట్టుకోని చిన్నపిల్లతో కుళ్లు ఏందే? నీకన్నా బుద్ధి ఉండొద్దా?"

నాగవేణి పొయ్యిలో బూడిద ఎత్తి పారబోసింది. తప్పు తనదే. ఆ వయసుకు ఆ పని తగదు. అయినా ఆమె ఒక్కమాట మనసులో గట్టిగా పెట్టుకుంది. పత్తి పని అయిపోగానే వయసు తిరిగి తీసుకుంటుంది. మార్పిడి అప్పటివరకే.

పని అయిపోయింది. ఇద్దరూ మండల కార్యాలయానికి వెళ్లారు. వరండాలో అలాంటి జంటలు చాలా ఉన్నాయి. నాగవేణి వంతు వచ్చినప్పుడు ఉప తహసీల్దారు కాగితాలు చూసి, మధ్యలో పుట్టినరోజు వచ్చిన సంగతి వివరించాడు. పదకొండు అయిపోయింది. వాడినదాన్ని తెచ్చి ఇవ్వడం కార్యాలయం వల్ల కాదు. కావాలంటే పన్నెండు నుంచి ఇప్పిస్తాడు. సుంకులమ్మ చిన్నపిల్ల గనక ఆమె ఒప్పుకోలు అవసరం లేదు. పెద్దదిక్కు నాగవేణే. ఆమె ఊ అంటే చాలు.

సుంకులమ్మ సంచీని రెండు చేతుల్తో కడుపుకు అదుముకుంది.

"దానికి పదేండ్లన్నా ఒచ్చినాయి సార్. నాకు ఎనిమిదితోనే నిలిచిపాయ. పన్నెండు ఎట్లుంటాదో నేను చూడనే లేదు" అంది.

నాగవేణి తల్లి వైపు చూసింది. ఊ అనడానికే ఇంత దూరం వచ్చింది. నోట్లో ఉన్న మాట కూడా అదే. కానీ ముప్పై నాలుగేళ్లు ఉన్నవాళ్లకు కొన్ని అలవాట్లు ఉంటాయి. పళ్లెంలో చివరి ముద్ద తమకు కాదనుకుంటారు. అవి కూడా వయసుతో పాటే వచ్చాయి, వాటిని వేరు చేసి పక్కన పెట్టే వీలు లేదు.

"నా కడుపు మండుతాంది సార్" అంది నాగవేణి. "అయినా ఉండనీండి. ఏడో తరగతికి పోతాంది."

ఉప తహసీల్దారు మొదటి వాక్యం వదిలేసి రెండోదీ మూడోదీ రాసుకున్నాడు. తర్వాతి జంటను పిలిచాడు. ఆ తర్వాతి జంటలో కూడా వయసు వెనక్కి పోలేదు. ఆ రోజు వరండాలో ఉన్న ఎవరి వయసూ వెనక్కి పోలేదు. పొట్టిగా ఉన్న పెద్దవాళ్లు పొడుగ్గా ఉన్న పిల్లల చేతులు పట్టుకుని బస్సెక్కించారు. కండక్టరు పొడుగు వాళ్లకు సగం టికెట్టు కొట్టాడు.

ఆ ఏడాది ఆ మండలంలో పనిచేసే పిల్లలు ఒక్కరూ లేరని నివేదిక వెళ్లింది. అది నిజమే. జిల్లా నుంచి అభినందన వచ్చింది. పక్క మండలం వాళ్లు అది చూసి ఓర్వలేకపోయారు. వచ్చే ఏటికి తామూ మార్పిడికి బల్ల వేయిస్తామన్నారు.

ప్రమీల టీచర్ ఆరో తరగతికి భిన్నాల కూడిక మొదలుపెట్టింది, వయసు మార్పిడి జరిగిన ఆ సోమవారం పొద్దునే. హారాలు సమానం చేయడం వరకు చెప్పింది. అప్పుడే గుమ్మంలో రంగస్వామి నిలబడి నాగవేణిని పిలిచాడు. కూడడం ఎలాగో నాగవేణికి ఇంకా చెప్పాల్సి ఉంది.