ఎక్కిళ్ళకు బెదురు మందు

ఆ ఉదయం చిన్న డాక్టరు వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. స్నానం చెయ్యాలి, ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, టిఫిన్ తినాలి, క్లినిక్‌కి వెళ్ళి పెద్ద డాక్టరు గారి పన్ను పీకాలి.

పళ్ళ డాక్టరు పన్ను పీకడం విశేషమేమీ కాదు. కానీ ఇది అలాంటిలాంటి పన్ను కాదు. పెద్ద డాక్టరు గారు రిటైరవ్వాలని నిశ్చయించుకుని, తన వారసుణ్ణి తేల్చడానికి సొంత దవడనే పరీక్షగా పెట్టారు. "కింద వరసలో చివరి పన్ను కదులుతోందయ్యా. నొప్పి తెలియకుండా పీకావనుకో, క్లినిక్ తాళాలు నీవి. అమ్మా అనిపించావనుకో, ఆ గదులు ఎవరికైనా అద్దెకిచ్చేసి ఇంట్లో కూర్చుంటాను," అన్నారు. ఆ క్లినిక్‌లో రెండో కుర్చీ పక్కన నిలబడీ నిలబడీ చిన్న డాక్టరు జుట్టు నెరిసింది. ఇంకా అందరికీ ఆయన చిన్న డాక్టరే. ఆ తాళాల కోసం ఆయన ఎంత ఆశపడ్డాడో చెప్పుకుంటే చిన్నతనంగా ఉంటుంది.

పెద్ద డాక్టరు గారు ముందురోజు పక్క ఊళ్ళో చెల్లెలింటికి వెళ్ళారు. పొద్దుటి రైలు దిగి అటునుంచి అటే క్లినిక్‌కి వస్తానన్నారు. దగ్గర ఫోను ఉంచుకునే అలవాటు ఆయనకి లేదు.

టిఫిన్ మొదటి ముద్దకే చిన్న డాక్టరుకి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. ఎక్కిలి వచ్చినప్పుడల్లా కుడిచెయ్యి జానెడు పైకి ఎగురుతోంది. ఆ చేతిలో పటకారు ఉన్నట్టూ, ఆ పటకారులో పెద్ద డాక్టరు గారి పన్ను ఉన్నట్టూ ఊహించుకుని ఆయన చెంచా కింద పెట్టేశాడు.

ఇంటి వైద్యాలు చేసుకుని వచ్చే పేషెంట్లని ఆయన క్లినిక్‌లో చెడామడా తిడతాడు. ఇంట్లో మాత్రం వైద్యం వాళ్ళమ్మ గారి చేతిలో ఉంది. కాలితే చన్నీళ్ళ ధార, బెణికితే కాపడం, జలుబుకి ఆవిరి, గొంతునొప్పికి ఉప్పునీళ్ళు. ఎక్కిళ్ళకి ముందు చెంచాడు పంచదార, తర్వాత ఊపిరి బిగబట్టడం. రెండింటికీ లొంగకపోతే బెదురు. బెదురు మందుకి పథ్యం కూడా ఉంది. బెదరగొట్టాక రోగి గ్లాసెడు నీళ్ళు గుక్కగుక్కగా తాగేదాకా నిజం చెప్పకూడదు. తొందరపడి చెబితే ఎక్కిళ్ళు రెట్టింపై తిరిగొస్తాయట.

పంచదార పనిచెయ్యలేదు. ఊపిరి బిగబడితే కళ్ళు ఎర్రబడ్డాయి తప్ప ఎక్కిళ్ళు ఆగలేదు.

"ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారురా నాన్నా," అంది తల్లి. "పెద్ద డాక్టరు గారే అయ్యుంటారు." అని కోడలి వైపు చూసి కనుసైగ చేసింది.

కోడలు లెక్కల టీచరు. పుట్టి బుద్ధెరిగాక అబద్ధం చెప్పి ఎరగదు. అలాంటివాళ్ళు మొదటిసారి చెప్పే అబద్ధం ఎంత బలంగా ఉంటుందో అత్తగారూ ఊహించలేదు. ఆవిడ లోపలికి వెళ్ళి, ఫోను చేత్తో పట్టుకుని, పాలిపోయిన మొహంతో బయటికి వచ్చింది.

"ఏమండీ, పెద్ద డాక్టరు గారు పోయారట. చెల్లెలి గారింట్లో, నిద్రలోనే."

ఎక్కిళ్ళు టక్కున ఆగిపోయాయి. తల్లి సంతృప్తిగా తల పంకించి నీళ్ళ గ్లాసు అందించింది. కానీ చిన్న డాక్టరు గ్లాసు వైపు చూడలేదు. చెప్పులు ఒకటి తనదీ ఒకటి భార్యదీ తొడుక్కుని, వీధిలోకి పరుగెత్తాడు.

"ఏమండీ! నీళ్ళు! నీళ్ళు తాగి వెళ్ళండి!" అని భార్య గుమ్మంలోంచి కేకేసింది. ఆ సమయంలో మంచినీళ్ళ గురించి మాట్లాడగలిగిన భార్య మనోనిబ్బరానికి ఆయన ఆశ్చర్యపోయాడు, కానీ ఆగలేదు.

"నిజం చెప్పేస్తే పోయేది కదత్తయ్యా!"

"గ్లాసు ముట్టందే ఎలా చెబుతావే?" అంది అత్తగారు నిష్ఠగా.

భార్య ఫోను చేసింది. ఆయన ఫోను ఖాళీ లేదు. దారి పొడుగునా ఆయన తెలిసినవాళ్ళకల్లా కబురు చెబుతూనే ఉన్నాడు. క్లినిక్ రిసెప్షనిస్టుకి చేస్తే ఆ ఫోనూ ఖాళీ లేదు. విన్న కబురు ఆవిడ ఇంకొకళ్ళకి చెబుతోంది. ఇక లాభం లేదని భార్య ఆటో కోసం రోడ్డెక్కింది.

ఈలోగా క్లినిక్‌లో జరగవలసినవన్నీ పద్ధతిగా జరిగిపోయాయి. రిసెప్షనిస్టు సగం షట్టరు దించింది. పెద్ద డాక్టరు గారి కుర్చీలో ఆయన ఫోటో పెట్టి, ముందు తెల్ల పూలు పరిచింది. పక్కనున్న మందుల షాపాయన చొక్కా మార్చుకుని వచ్చాడు. మేడ మీద టైలర్లు మిషన్లు ఆపారు. బుగ్గ వాచిన ఒక పేషెంటు వెయిటింగ్ హాల్లో వెక్కి వెక్కి ఏడుస్తుంటే, ఇంత ఆత్మీయుడు ఎవరా అని అందరూ ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టారు.

కబురు మాత్రం వీధిలో ఊరికే కూర్చోలేదు. నిద్రలో పోయారన్నది సందు మలుపు దగ్గర గుండెపోటైంది. బజారు దాకా వెళ్ళేసరికి పన్ను పీకుతుంటే పోయారట అయింది. ఈరోజు ఆ పన్ను ఎవరు పీకాలో అందరికీ తెలుసు. చిన్న డాక్టరు చెరో రకం చెప్పుతో లోపలికి అడుగు పెట్టేసరికి జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆ జరగడంలో గౌరవం కంటే భయం ఎక్కువగా ఉంది.

"మత్తింజెక్షన్ ఎక్కువైందా డాక్టరు గారూ?" అని మందుల షాపాయన చెవిలో అడిగాడు.

మాట్లాడక తప్పదనిపించి చిన్న డాక్టరు ఫోటో పక్కన నిలబడ్డాడు. కానీ ఆ మొహం చూడగానే సంజాయిషీ మర్చిపోయాడు. నిజంగానే గుండె కరిగిపోయింది.

"పటకారు పట్టుకోవడం నాకు ఆయన నేర్పారు. పేషెంటు చెయ్యి పట్టుకోవడం కూడా ఆయనే నేర్పారు. నేను పన్ను పీకితే పన్ను ఊడుతుంది. ఆయన పీకితే భయం ఊడేది. ఆయన లేకుండా ఈ క్లినిక్ ఒక్కరోజు కూడా నడవదు. ఆ కుర్చీలో కూర్చోబెట్టినా నాకు చేతకాదు. ఇంకొక్క పదేళ్ళు ఉంటే బాగుండేదండీ," అని బావురుమన్నాడు.

హాలంతా ముక్కులు చీదింది. అప్పుడే రైలు దిగి, చేతిసంచితో షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చిన ఒక పెద్దమనిషి, "ఎవరు పోయారండీ?" అని వెనక వరసలో మెల్లిగా అడిగాడు.

"పెద్ద డాక్టరు గారు," అన్నాడు ముందున్నవాడు వెనక్కి తిరక్కుండానే.

"అయ్యయ్యో," అన్నారు పెద్ద డాక్టరు గారు. తర్వాత సంచి కింద పెట్టి, గోడకి ఆనుకుని, ఉపన్యాసం చివరిదాకా విన్నారు. ఆయన కళ్ళు కూడా చెమర్చాయి.

అంతలో భార్య రొప్పుతూ వచ్చి పడింది. "ఆయన పోలేదు! నేను అబద్ధం చెప్పాను! ఎక్కిళ్ళ కోసం!"

"పాపం, తట్టుకోలేకపోతోంది," అని రిసెప్షనిస్టు ఆవిడని కూర్చోబెట్టి విసరబోయింది.

"అమ్మాయి చెప్పింది నిజమేనయ్యా," అంది వెనక నుంచి ఒక గొంతు.

ఆ తర్వాత కాసేపు జరిగింది వర్ణించడం మర్యాద కాదు. టైలర్లు మేడ మీదికి పరుగెత్తారు. బుగ్గ వాచినాయన ఏడుపు మాని నోరు పూర్తిగా తెరిచాడు, వారం రోజులుగా తెరవలేకపోతున్న నోరు. చిన్న డాక్టరు మాత్రం జనాన్ని తోసుకుంటూ వెళ్ళి పెద్ద డాక్టరు గారి రెండు చేతులూ పట్టుకుని, ఇందాక దుఃఖంతో ఏడ్చినదానికంటే గట్టిగా సంతోషంతో ఏడ్చాడు. భార్య చేసిన పనికి కోపం తెచ్చుకోవాలని కూడా ఆయనకి తోచలేదు.

పెద్ద డాక్టరు గారు తన ఫోటోని తీసి బల్ల మీద పెట్టి, పూలు పక్కకి దులిపి, ఆ కుర్చీలో కూర్చున్నారు.

"ఇక చాల్లే, నన్నెవరు కోరుకుంటారులే అనుకునే ఈ పన్ను వంక పెట్టుకున్నానయ్యా," అన్నారు. "ఇవాళ నువ్వు కళ్ళు తెరిపించావు. ఇంత చెప్పాక రిటైరవ్వడానికి నాకు మనసెలా వస్తుంది?"

"సార్, అది మీరు పోయారనుకుని అన్న మాట సార్."

"బతికుండగా విన్నాను కాబట్టే పనికొచ్చింది. క్లినిక్ ఒక్కరోజు కూడా నడవదన్నావు, నీకు చేతకాదన్నావు, పదేళ్ళన్నావు. నీ మాట నేనెప్పుడు కాదన్నాను?"

చిన్న డాక్టరు పటకారు చేతిలోకి తీసుకున్నాడు.

"మరి పన్ను సార్?"

పెద్ద డాక్టరు గారు దాన్ని నాలుకతో అటూ ఇటూ తోసి చూసుకున్నారు. "ఉండనీ. కదిలితే కదిలింది, అది కూడా నాతోపాటు ఉంటుంది. ముందు ఆ బుగ్గ వాచినాయన్ని రెండో కుర్చీలో కూర్చోబెట్టు."

చిన్న డాక్టరు కూర్చోబెట్టాడు.

పెద్ద డాక్టరు గారు ఇప్పటికీ నిక్షేపంలా ఉన్నారు.