వెండెల్ హెల్మెట్ మీద ఒక కంకి

శనివారం పొద్దున్న వెర్నా హోల్ట్‌కాంప్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సామాన్ల గదికి వెళ్లాలి. కోచ్ రాసిచ్చిన చీటీ చూసుకుంటూ, నిన్నటి ఆటలో రాణించిన కుర్రాళ్ల హెల్మెట్ల మీద బొటనవేలి గోరంత బంగారు రంగు మొక్కజొన్న కంకి స్టిక్కర్లు అతికించాలి. అరగంట పని. దాన్ని పదింటిదాకా సాగదీయాలి. పదింటికి కుర్రాళ్లు వస్తారు. హెల్మెట్లు అందుకుంటూ నలుగురైనా ఏదో ఒకటి అనకపోరు. ఆ నాలుగు మాటలతో ఆమెకు వారం గడవాలి.

ముప్పై ఒక్కేళ్లు ఆ పని చేసినవాడు ఆమె భర్త డెల్బర్ట్. మార్చిలో పోయాడు. "ఈ సీజన్‌కి మీరు చూడండి వెర్నా. ఎక్కడైనా తేడా వస్తే మాత్రం తల్లుల సంఘానికి అప్పజెప్పేస్తాను, ఏమీ అనుకోకండి. ట్రూడీ కెసెన్ రోజూ అడుగుతోంది," అన్నాడు కోచ్ బ్రాండవీ. ట్రూడీ అడగడంతో ఆగలేదు. గది కిటికీకి కర్టెన్ కొలతలు కూడా తీసుకుని వెళ్లింది.

ఆల్డర్‌బర్గ్‌లో కంకి అంటే ఆషామాషీ కాదు. కంకి ఉన్న కుర్రాడికి మంగలి షాపులో ముందు కుర్చీ, కాఫీ హోటల్లో యాపిల్ కేకు ముక్క ఉచితం. అతికించిన కంకిని సీజన్ ముగిసేదాకా పీకకూడదు. ఎవరో ఒకసారి పీకితే జట్టు వరసగా తొమ్మిది ఆటలు ఓడిందని ఊళ్లో చెప్పుకుంటారు.

ఆ శనివారం అందరికంటే ముందు వచ్చినవాడు వెండెల్ రౌష్. అరవై ఆరో నెంబరు. మూడేళ్లుగా జట్టులో ఉన్నాడు, మూడేళ్లుగా బెంచీ మీదే ఉన్నాడు. అతని ప్యాంటుకు గడ్డి మరక అంటిన దాఖలా లేదు.

"గుడ్ మార్నింగ్, మిసెస్ హోల్ట్‌కాంప్. మీ మోకాలు ఎలా ఉంది?" అన్నాడు.

వెర్నా చెప్పింది. మెట్లెక్కితే ఎలా ఉంటుందో, దిగితే ఎలా ఉంటుందో, వాన వచ్చేముందు ఎలా ఉంటుందో చెప్పింది. పన్నెండు నిమిషాలు పట్టింది. వెండెల్ గోడకు ఆనుకుని అంతా విని, "ఐస్ పెట్టి చూడండి," అని బయటికి వెళ్లాడు. చీటీ ప్రకారం అతికించగా కాగితం మీద ఒక కంకి మిగిలింది. వెర్నా దాన్ని కాసేపు చూసి, అరవై ఆరో నెంబరు హెల్మెట్ తీసి, చెవి పక్కగా అతికించేసింది.

తక్కిన కుర్రాళ్లు పదింటికి చెవుల్లో పాటలు పెట్టుకుని వచ్చారు. తమ కంకులు లెక్కపెట్టుకుని, పక్కవాడివి లెక్కపెట్టి, వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికల్లా వెండెల్ తండ్రి మెర్ల్ కాఫీ హోటల్లో బల్ల చరిచాడు. "మావాడికి కంకి వచ్చిందిరా!"

"దేనికిరా? బెంచీ వెచ్చగా ఉంచినందుకా?" అన్నాడు మంగలి.

మెర్ల్ అక్కడినుంచే కోచ్‌కి ఫోన్ చేశాడు. "కోచ్, మావాడు నిన్న ఏం చేశాడు? అడిగితే తెలీదంటాడు."

కోచ్‌కి ఆ కంకి సంగతే తెలియదు. తన జట్టులో ఏం జరిగిందో తనకే తెలియదని ఏ కోచ్ ఒప్పుకుంటాడు? అసిస్టెంట్ పెట్రీ ఇచ్చి ఉంటాడనుకున్నాడు.

"మీరు చూడలేదా మెర్ల్?"

"లేదే. రెండుసార్లు హాట్‌డాగ్ కోసం లేచాను."

"అయ్యో! సరిగ్గా అప్పుడే," అన్నాడు కోచ్.

తరవాత పెట్రీని పట్టుకుని, "రౌష్ కుర్రాడి సంగతి భలే గమనించావోయ్," అన్నాడు. కోచ్ తనని పరీక్షిస్తున్నాడనుకున్నాడు పెట్రీ. "మీ కళ్లకంటేనా కోచ్!" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు మెచ్చుకోలుగా చూసుకున్నారు.

సోమవారానికి మంగలి వెండెల్ రాణించిన ఘట్టాన్ని స్వయంగా చూసినట్టు గుర్తు తెచ్చుకున్నాడు. బుధవారం ఊరి పేపర్లో వెండెల్ ఫొటో పడింది. దానికింద కోచ్ మాట: "కొన్ని గొప్ప పనులు స్కోరుబోర్డు మీద కనిపించవు." అది చదివి ట్రూడీ కెసెన్ మరో పదిమంది తల్లులను వెంటేసుకుని స్కూలుకు వచ్చింది.

"మావాడు పన్ను విరగ్గొట్టుకుంటే ఒక్క కంకి! దుప్పటి కప్పుకుని కూర్చున్నవాడికీ ఒక్కటేనా? అంత మొనగాడైతే వాణ్ని ఆడించరేం?"

"శుక్రవారం మొదటినుంచీ ఆడేది వాడే," అన్నాడు కోచ్. అనకుండా ఉండే దారి అతనికి కనిపించలేదు.

గురువారం వెండెల్ సామాన్ల గదికి వచ్చాడు. ఆ రోజు మోకాలి సంగతి అడగలేదు.

"ఇది ఎవరిచ్చారో మీకు తెలుసా మిసెస్ హోల్ట్‌కాంప్? దండం పెడతాను, పీకెయ్యండి."

"అదేం మాట బాబూ! సంతోషంగా లేదూ?"

"రేపు నన్ను ఆడిస్తారట. నేను ఆడ్డానికి రావట్లేదండీ. అమ్మ వెళ్లిపోయాక మా ఇంట్లో ఇద్దరమే. నాన్న పందుల షెడ్డులో ఉంటాడు, నేను నా గదిలో ఉంటాను. ఆట అయ్యాక కారులో ఇంటికెళ్లేటప్పుడు మాత్రం ఇరవై నిమిషాలు మాట్లాడతాడు. ఎవడు ఎలా ఆడాడో ఒక్కొక్కణ్నీ తిడతాడు. ఇద్దరం నవ్వుకుంటాం. రేపు నన్ను తిట్టాల్సి వస్తే ఎలా?"

వెర్నా నోటిదాకా వచ్చిన నిజం అక్కడే ఆగింది. చెబితే గది పోతుంది. "సీజన్ మధ్యలో పీకకూడదు కదా నాయనా," అంది. ఆ రాత్రి తనమీద తనకే రోత పుట్టింది.

శుక్రవారం ఆటలో వెండెల్‌ని అవతలి జట్టు భారీకాయుడు ఒకడు నెట్టాడు. వెండెల్ పడ్డాడు. వాళ్ల చేతిలోంచి జారిన బంతి దొర్లుకుంటూ వచ్చి అతని పొట్టకింద దూరింది. లేస్తే మళ్లీ నెడతారన్న భయంతో వెండెల్ లేవలేదు. ఏడుగురు మీద పడ్డా లేవలేదు. ఈల మోగింది. బంతి ఆల్డర్‌బర్గ్‌ది, ఆట కూడా ఆల్డర్‌బర్గ్‌దే. "చెప్పానా!" అని కోచ్ గంతులేశాడు. ఎవరికి, ఏం చెప్పాడో ఎవరూ అడగలేదు.

మర్నాడు చీటీలో అరవై ఆరుకి మూడు కంకులు. కిటికీలోంచి వెండెల్ కనిపించాడు. చిటికెన వేలికి కట్టు. పక్కన మెర్ల్, కొడుకు భుజం మీద చెయ్యి వేసి, మొదటి వరసలో ఎలా నిలబడాలో వివరిస్తున్నాడు. ఇద్దరిలో ఒక్కరూ నవ్వడం లేదు. వెర్నా తిన్నగా కోచ్ దగ్గరికి నడిచింది.

"కోచ్, ఆ మొదటి కంకి నేనే అతికించాను. మీ చీటీలో లేదు. నా తప్పే."

కోచ్ లేచి తలుపు వేశాడు. "మీరు కాదు వెర్నా. నేనిచ్చాను."

"చీటీ నా దగ్గరే ఉంది, చూడండి."

"పేపర్లో నా మాట అచ్చయింది. ప్రిన్సిపాల్ నాతో చెయ్యి కలిపాడు. మెర్ల్‌కి ఆ ఘట్టాన్ని రెండుసార్లు అభినయించి చూపించాను. రెండోసారి నేలమీద పడి మరీ చూపించాను. నేనే ఇచ్చాను!" అని, గొంతు తగ్గించాడు. "ఇంతకీ ఎందుకిచ్చారు?"

"నా మోకాలు ఎలా ఉందని అడిగాడు."

కోచ్ చీటీ తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు. "ఈ మాట మీ నోట రాకూడదు. వచ్చిందంటే వచ్చే శనివారంనుంచి నలభైమందీ వచ్చి మీ మోకాలి గురించి అడుగుతారు."

అందులో అంత ఉపద్రవం ఏముందో వెర్నాకు వెంటనే అర్థం కాలేదు.

ఆమెను తీసేస్తే ఎందుకు తీసేశావని ఊరు అడుగుతుంది. కాబట్టి కోచ్ తీసెయ్యలేదు. ట్రూడీకి కూడా గట్టిగా చెప్పేశాడు, ఆ పని హోల్ట్‌కాంప్ కుటుంబానిదే అని. ఒక్క చిన్న మార్పు చేశాడు. వెర్నా ఇకమీదట ఏడింటికే వచ్చి, కంకులు అతికించి, హెల్మెట్లు వరసలో పెట్టి, కుర్రాళ్లు రాకముందే వెళ్లిపోవాలి.

పై శనివారం ఆమె అరగంటలో పని ముగించింది. దీపం ఆర్పి, కారులో కూర్చుని, ఎవరైనా ముందుగా వస్తారేమోనని తొమ్మిదిన్నరదాకా వేచి చూసింది. ఆ తరవాత ఇంటికి వెళ్లిపోయింది.

సీజన్ చివరిదాకా ఆ గదిలో ఒక్క పొరపాటు కూడా జరగలేదని కోచ్ అందరికీ గర్వంగా చెప్పుకున్నాడు.